ఆరుబయటి ఆసనం

పాఠ్యభాగ ఉద్దేశం

బస్సు ఆగే చోట, ఆసుపత్రి ఆవరణలో, చెరువు గట్టున, కళాశాల ప్రాంగణంలో వేసే బెంచీ ప్రజల సొమ్ముతో కొన్న వస్తువు. అది ఎంతకాలం నిలుస్తుందనే విషయం దాన్ని చేసిన పదార్థం మీద, దాన్ని వేసిన చోటు మీద ఆధారపడి ఉంటుంది. పదార్థం గుణం, స్థలం స్వభావం, కాలం, వ్యయం అనే నాలుగింటినీ ఒకచోట చేర్చి ఆలోచించే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారు నలుగురు కూర్చునే చోటుకు పూర్వం నుంచీ పెద్దపీట వేశారు. వీధి గుమ్మానికి ఇరువైపులా అరుగులు ఉండేవి. రావిచెట్టు చుట్టూ, వేపచెట్టు చుట్టూ తిన్నెలు కట్టేవారు. ఊరి నడుమ రచ్చబండ ఉండేది. ‘రచ్చ’ అంటే నలుగురు చేరే చోటు. ‘బండ’ అంటే రాయి. కూర్చునే చోటు దేనితో చేస్తే కాలానికి నిలుస్తుందో మన పూర్వులు ఆ పేరులోనే చెప్పి ఉంచారు.

అయితే ఆ అరుగులూ ఆ తిన్నెలూ అందరికీ ఒకే విధంగా అందలేదన్న సత్యాన్ని మరువరాదు. కులాన్ని బట్టి, స్థితిని బట్టి కొందరు అరుగు మీద కూర్చుంటే, కొందరు నేల మీద కూర్చున్నారు. మరికొందరు దూరాన నిలబడ్డారు. నేటి బస్సు ప్రాంగణంలో, ఉద్యానవనంలో ఉన్న బెంచీకి ఆ భేదం లేదు. అది ఎవరినీ అడగకుండా కూర్చోదగిన ఆసనం. ఆ విధంగా చూస్తే ఒక సాధారణమైన బెంచీ కూడా ప్రజాస్వామ్యానికి చిన్న గుర్తు అని చెప్పవచ్చు.

బలమైన కాళ్ళున్నవారికి బెంచీ విలువ అంతగా తెలియదు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే వృద్ధురాలికి, నెలలు నిండిన గర్భిణికి, ఆసుపత్రి నుంచి మందుల సంచితో తిరిగి వచ్చే రోగికి దాని విలువ తెలుస్తుంది. బెంచీ విరిగితే వారు నిలబడి ఉండవలసి వస్తుంది, లేదా ఇంటి నుంచి బయలుదేరడమే మానుకొంటారు. ఒకసారి మంజూరైన సొమ్ముతో వేసిన బెంచీ మూడేళ్ళలో పాడైతే దాని చోట మరొకటి వెంటనే రాదు. కాబట్టి దేనితో బెంచీ చేయించాలనే ప్రశ్న కేవలం వడ్రంగికో మేస్త్రీకో వదిలివేయదగినది కాదు. చదువుకొన్న ప్రతి పౌరుడూ ఆలోచించవలసిన ప్రశ్న అది.

ఎండ – వాన – ఉప్పుగాలి

ఆరుబయట ఉన్న ఏ వస్తువుకైనా శత్రువులు ముగ్గురు. మొదటిది ఎండ. ఉత్తర తెలంగాణలో వేసవి ఉష్ణోగ్రత కొన్ని రోజులలో 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును వెలవెలబోయేటట్లు చేస్తాయి. ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తాయి. రెండవది వాన. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం పడితే, విశాఖపట్నంలో అందుకు దాదాపు రెట్టింపు పడుతుంది. మూడవది సముద్రతీరంలో వీచే ఉప్పుగాలి. ఇనుమును తుప్పు పట్టించడంలో దాని వేగం సాధారణమైన తేమకు లేదు.

ఈ మూడింటిలోనూ ఎక్కువ హాని చేసేది నీరు. జారిపోయే నీటి వల్ల కీడు తక్కువ. నిలిచిన నీటి వల్ల కీడు ఎక్కువ. కొయ్య కుళ్ళేది, ఇనుము తుప్పు పట్టేది, కాంక్రీటు బీటలు వారేది చాలావరకు నీరు నిలిచే చోటనే. రెండు పలకలు కలిసే అతుకు, మేకు దిగిన రంధ్రం, కాలు నేలను తాకే మొదలు – బెంచీకి ఆయువుపట్లు ఇవే. పదార్థం ఏదైనా సరే, దాని పై భాగానికి కొద్దిపాటి వాటం ఇచ్చి నీరు జారిపోయేటట్లు చేస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది. ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకొని ఒక్కొక్క పదార్థాన్నే పరిశీలిద్దాం.

రాయి

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయం 1213 నాటిదని అక్కడి శాసనం తెలుపుతున్నది. ఎనిమిది వందల ఏళ్ళు గడిచినా అక్కడి నల్లరాతి శిల్పాల నునుపు చెక్కు చెదరలేదు. రాయి మన్నికకు ఇంతకంటె వేరే నిదర్శనం అవసరం లేదు. రాతికి చెదలు పట్టవు, తుప్పు పట్టదు, రంగు వేసే పని ఉండదు.

రాతి సంపదలో తెలుగు నేల పేదది కాదు. వికారాబాద్ జిల్లాలోని తాండూరు, రాయలసీమలోని బేతంచర్ల నాపరాళ్ళకు పేరు పొందాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటు విదేశాలకు సైతం ఎగుమతి అవుతున్నది. గని దగ్గరగా ఉన్న ఊళ్ళలో రాతి బెంచీ సహజంగానే చౌకగా లభిస్తుంది. దూరం పెరిగిన కొద్దీ రవాణా ఖర్చు రాతి ధరను మించిపోవచ్చు. 150 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం గల ఒక గ్రానైటు పలక బరువు సుమారు 91 కిలోలు. దాన్ని ఎత్తడానికి నలుగురు మనుషులు కావాలి. ఈ బరువు ఒక విధంగా మేలే. దొంగలు దాన్ని సులభంగా ఎత్తుకొని పోలేరు.

రాతికి ఒక బలహీనత ఉంది. అది ఎంతటి అదుమునైనా ఓర్చుకొంటుంది గాని, వంపును ఓర్చుకోలేదు. పలకను రెండు చివరల మీద మాత్రమే నిలబెట్టి, మధ్యలో మనుషులు కూర్చుంటే అడుగుభాగం సాగడానికి ప్రయత్నించి పగులుతుంది. అందుకే అనుభవం గల మేస్త్రీ ఆధారపు రాళ్ళను చివరల నుంచి కొంత లోపలికి జరిపి కడతాడు. పొడవులో అయిదో వంతు దూరం, అంటే పై పలకకు 30 సెంటీమీటర్లు, ఇరువైపులా లోపలికి జరిపితే, సమానంగా పరచుకొన్న బరువు వల్ల పలకలో కలిగే వంపు ప్రభావం అయిదో వంతుకు తగ్గుతుంది. అదే పలక, అదే బరువు, అదే ఖర్చు. కాళ్ళు నిలిపిన చోటు మారినందువల్ల ఆ పలక అయిదు రెట్లు క్షేమంగా నిలిచింది. పదార్థాన్ని ఎన్నుకోవడంతో పాటు దాన్ని వాడే తీరును కూడా తెలుసుకోవాలని ఈ ఉదాహరణ చెబుతున్నది.

రాతి గురించి తెలుసుకోవలసిన మరికొన్ని విషయాలు ఉన్నాయి. నల్లరాయి ఎండకు బాగా వేడెక్కుతుంది. మిట్టమధ్యాహ్నం దానిపై కూర్చోవడం కష్టం. కాబట్టి రాతి బెంచీకి చెట్టు నీడ తోడు కావాలి. నాపరాయి సున్నపురాతి జాతికి చెందినది కనుక నిమ్మరసం, చింతపండు పులుసు వంటి ఆమ్లాలు పడితే దాని నునుపు పోయి మచ్చలు పడతాయి. అది అందానికి లోపమే గాని బలానికి లోపం కాదు.

కలప

కూర్చున్నవారికి హాయిని ఇవ్వడంలో కలపకు సాటి లేదు. అది ఎండలో రాయివలె, ఇనుమువలె ఒంటిని కాల్చదు. చలిలో గడ్డకట్టినట్లు ఉండదు. కలప వేడిని చాలా నెమ్మదిగా ప్రసరింపజేయడమే అందుకు కారణం. విరిగిన పలకను తీసి వేరొకటి బిగించడం కూడా సులభం.

చెట్టు మానులో నడుమ ఉండే గట్టి భాగాన్ని ‘చేవ’ అంటారు. దాని చుట్టూ ఉండే లేత భాగం పైచెక్క. టేకు చేవలో సహజంగానే ఉండే తైలాలు, ఇతర రసాయనాలు చెదలను, బూజును దరిచేరనీయవు. పైచెక్కకు ఆ రక్షణ లేదు. ‘టేకు’ అనే పేరు విని కొన్న బెంచీ రెండేళ్ళలో పుచ్చిపోతే, అందులో చేవ పాలు తక్కువ, పైచెక్క పాలు ఎక్కువ అని గ్రహించాలి. ధైర్యం లేని మనిషిని ‘చేవ చచ్చినవాడు’ అంటాం. ఆ మాట వడ్రంగి పని నుంచి మన భాషలోకి వచ్చిన అందమైన నుడికారం. కలప కొనేవారు రంగునూ, నరాలనూ చూసి చేవను గుర్తించడం నేర్చుకోవాలి. టేకు ఖరీదు భరించలేని చోట నల్లతుమ్మ, వేప వంటి స్థానిక కలపలోని చేవను వాడుకోవచ్చు. లేత సరుగుడు, నీలగిరి కర్రలు చౌకే గాని, మందు పట్టించకుండా ఆరుబయట పాతితే త్వరలోనే పాడవుతాయి.

కొయ్యలో తేమ శాతం చాలాకాలం ఇరవైకి మించి ఉంటే దాన్ని కుళ్ళింపజేసే శిలీంధ్రాలు పెరుగుతాయి. అందుచేత పలకకూ పలకకూ నడుమ వేలి మందంలో సగమైనా సందు విడవాలి. ఆ సందు నీటిని కిందికి వదలి, గాలిని లోనికి రానిస్తుంది. కాళ్ళను మట్టిలో పాతరాదు. రాతి దిమ్మె మీదనో, ఇనుప పట్టీ మీదనో నిలపాలి. మామూలు ఇనుప మేకులకు బదులు ఇత్తడి మరలను గాని, తుప్పు పట్టని ఉక్కు మరలను గాని వాడాలి. ఏడాదికి ఒకసారి వానలకు ముందు అవిసె నూనె గాని, వార్నిష్ గాని పట్టించాలి. ఈ సేవ చేసేవారు ఉన్న చోటనే కలప బెంచీ శోభిస్తుంది. సేవ చేసేవారు లేని చోట అది త్వరగా వంటచెరకు అవుతుంది.

ఇనుము – ఉక్కు

మన బజార్లలో ఎక్కువగా కనిపించేవి ఇనుప బెంచీలు. వెల్డింగు దుకాణం లేని పట్టణం లేదు కనుక వీటిని ఎక్కడైనా చేయించవచ్చు. ధర తక్కువ, బలం ఎక్కువ, మోయడం తేలిక. తుప్పు వీటికి వచ్చే ప్రధానమైన వ్యాధి. ఇనుము, గాలిలోని ఆమ్లజని, నీరు – ఈ మూడూ కలిసినప్పుడు తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఆ చర్య మరింత వేగంగా సాగుతుంది.

ఇనుప పైపుల మందాన్ని దుకాణాలలో ‘గేజి’ అనే కొలతతో చెబుతారు. గేజి సంఖ్య పెరిగిన కొద్దీ మందం తగ్గుతుందని కొనేవారు గుర్తుంచుకోవాలి. 14 గేజి రేకు మందం సుమారు 2 మిల్లీమీటర్లు. 16 గేజి రేకు మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. పైకి రెండూ ఒకే తీరున మెరుస్తాయి. ధరలోని తేడాను చూసి పలుచని దాన్ని కొన్నవారు, తుప్పు తొందరగా అవతలి వైపుకు చొచ్చుకొని పోయిన రోజున గాని తేడాను గుర్తించరు. బోలు పైపులోనికి నీరు చేరితే తుప్పు లోపలి నుంచే తినివేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూ ఉండగానే కాలు మొదట విరుగుతుంది. అందుకే పైపు చివరలను పూర్తిగా మూసివేయాలి, లేదా అడుగున నీరు పోయే చిన్న రంధ్రం ఉంచాలి.

ఇనుముకు రంగు వేయడం వెనుక ఒక క్రమం ఉంది. ముందుగా తుప్పును గీకి శుభ్రం చేయాలి. తరువాత రెడ్ ఆక్సైడ్ పూత, ఆపైన రెండు పూతల రంగు వేయాలి. తుప్పు మీదనే రంగు పూయడం పుండును గుడ్డతో కప్పడం వంటిది.

రంగుకంటె మేలైన రక్షణ జింకు పూత. సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ఇనుమును ముంచి తీస్తారు. దీన్ని గాల్వనైజింగ్ అంటారు. పూత మీద గీత పడి లోపలి ఇనుము బయటపడినప్పటికీ, పక్కనున్న జింకు తాను ముందుగా క్షయమవుతూ ఇనుమును కాపాడుతుంది. తాను కరిగి పక్కవారిని నిలిపే ఈ గుణం వల్లనే జింకుకు రసాయనశాస్త్రంలో ‘త్యాగ లోహం’ అనే పేరు వచ్చింది. వెల్డింగు చేసిన చోట ఈ పూత కాలిపోతుంది. కాబట్టి బెంచీని పూర్తిగా అతికిన తరువాతనే జింకులో ముంచడం మేలైన పద్ధతి.

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది గాలితో కలిసి కంటికి కనిపించని పలుచని పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. 304 అనే రకం సాధారణ ప్రదేశాలకు సరిపోతుంది. సముద్రతీరానికి మాలిబ్డినం కలిసిన 316 రకం మేలు. రెండింటి మెరుపూ ఒక్కటే గనుక కొనేవారు రకం సంఖ్యను బిల్లులో రాయించుకోవాలి.

కాంక్రీటు

సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిపి అచ్చులో పోసి, నడుమ ఇనుప కడ్డీలు ఉంచితే కాంక్రీటు బెంచీ తయారవుతుంది. కాంక్రీటు రాతివలె అదుమును ఓర్చుకొంటుంది. కడ్డీ వంపును ఓర్చుకొంటుంది. ఈ రెండింటి స్నేహమే దాని బలం. కాంక్రీటు పొర కడ్డీకి కవచం. ఆ కవచం పలుచగా ఉంటే తేమ కడ్డీని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ముందుకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడుతుంది. మనం చూసే అనేక పగిలిన సిమెంటు బెంచీల వెనుక ఉన్న కథ ఇదే.

భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో ప్రకటించిన ఐ.ఎస్. 456 నియమావళి, మామూలు వాతావరణంలో కడ్డీ మీద 20 మిల్లీమీటర్ల పొర చాలునని, తీవ్రమైన వాతావరణంలో 45 మిల్లీమీటర్లు ఉండాలని నిర్దేశించింది. సముద్రతీరపు గాలికి గురయ్యే కట్టడాలను తీవ్రమైన వాతావరణంలో ఉన్నవిగా అది పరిగణించింది. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. బెంచీ పలక మందం 60 మిల్లీమీటర్లు అనుకొంటే, అడుగు నుంచి 45 మిల్లీమీటర్లు వదిలిన తరువాత కడ్డీ పలక నడిమిభాగానికంటె పైకి చేరుతుంది. అక్కడ అది వంపును ఆపలేదు. పొర తగ్గిస్తే తుప్పు; పొర పెంచితే బలహీనత. కనుక సముద్రం ఒడ్డున పలుచని కాంక్రీటు పలక తగినది కాదని, కడ్డీ అవసరం లేని మందపు రాతి పలకయే మేలని ఈ లెక్క తేల్చుతున్నది.

కాంక్రీటుకు మరొక ప్రాణావసరం తడి. పోసిన తరువాత మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇతర పదార్థాలు కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని అదే నియమావళి చెబుతున్నది. అచ్చు త్వరగా ఖాళీ కావాలనే తొందరలో రెండు రోజులకే ఎండలో పెట్టిన బెంచీ చూడటానికి గట్టిగానే ఉంటుంది. దాని లోపం ఏళ్ళ తరువాత బయటపడుతుంది. పోసేటప్పుడు సులువు కోసం నీరు ఎక్కువగా కలపడం కూడా బలాన్ని హరిస్తుంది. కొనేవారు ధరతో పాటు ‘ఎప్పుడు పోశారు? ఎన్నాళ్ళు తడిపారు?’ అని అడగాలి.

ప్లాస్టిక్

వాడి పారవేసిన ప్లాస్టిక్‌ను కరిగించి పలకలుగా పోసి చేసిన బెంచీలు ఇటీవలి కాలంలో ఉద్యానవనాలలో కనిపిస్తున్నాయి. వ్యర్థానికి అర్థం కల్పించే ఈ ప్రయత్నం అభినందించదగినది. ఈ పలకలకు చెదలు పట్టవు, నీరు పీల్చవు, తుప్పు పట్టవు. అయితే ఇవి వేడికి మెత్తబడి, బరువు మోస్తూ ఏళ్ళ తరబడి ఉంటే మెల్లగా కుంగుతాయి. కాబట్టి రాతి పలకకు రెండు కాళ్ళు చాలిన చోట, ప్లాస్టిక్ పలకకు నడుమ మరొక ఆధారం కావాలి. ఎండను తట్టుకొనే రసాయనం కలిపినదా కాదా అని విచారించి కొనాలి.

ధర వేరు – ఖర్చు వేరు

బెంచీ కొన్న రోజున చెల్లించినది ధర. అది పాడయ్యే వరకు దానిపై పెట్టినదంతా ఖర్చు. ఈ రెండింటికీ ఉన్న తేడాను తెలుసుకోవడానికి కొన్ని అంకెలను ఊహించుకొందాం. ఇవి అసలు ధరలు కావు. లెక్క అర్థం కావడానికి తీసుకొన్నవి.

మందు పట్టించని చౌక కొయ్య బెంచీ ధర 4,000 రూపాయలు. అది 5 ఏళ్ళు నిలిచింది. అంటే ఏడాదికి 800 రూపాయలు. ఇనుప బెంచీ ధర 6,000 రూపాయలు. రెండేళ్ళకు ఒకసారి 600 రూపాయలతో రంగు వేస్తూ వస్తే 12 ఏళ్ళు నిలిచింది. అయిదు సార్లు రంగుకు 3,000 కలిపి మొత్తం 9,000. ఏడాదికి 750 రూపాయలు. రాతి బెంచీ ధర 9,000 రూపాయలు. అతుకుల మరమ్మతుకు ఏడాదికి 100 చొప్పున పెడితే 30 ఏళ్ళు నిలిచింది. మొత్తం 12,000, ఏడాదికి 400 రూపాయలు. కొన్న రోజున అన్నిటికంటె ఖరీదైనది, వాడుకలో అన్నిటికంటె చౌక అయింది. చౌకకు ఆశపడితే అసలుకే మోసం వస్తుందనడానికి ఈ లెక్కయే సాక్ష్యం.

అయితే ఈ లెక్కను చూసి అన్ని చోట్లా రాయినే వేయాలని నిర్ణయించడం కూడా పొరపాటే. అదే ఇనుప బెంచీని వాన పడని వసారాలో వేశామనుకొందాం. అక్కడ నాలుగేళ్ళకు ఒకసారి రంగు చాలు. బెంచీ 24 ఏళ్ళు నిలుస్తుంది. అయిదు సార్ల రంగుకు 3,000 కలిపి మొత్తం ఖర్చు మళ్ళీ 9,000 రూపాయలే. ఏడాదికి పడేది 375 రూపాయలు. ఇప్పుడు ఇనుము రాయికంటె చౌక అయింది. పదార్థం మారలేదు, ధర మారలేదు; మారినది చోటు. ఏ పదార్థం మంచిదని అడిగే ముందు, ఏ చోటికి అని అడగాలి.

చోటుకు తగిన ఎంపిక

నాపరాయి దొరికే ప్రాంతంలోని గ్రామపు బస్టాపుకు చెట్టు నీడన రాతి బెంచీ తగినది. విశాఖపట్నం వంటి నగరాల సముద్రతీరపు దారులకు గ్రానైటు మేలు. లోహమే కావాలంటే 316 రకం ఉక్కు వాడాలి. కళాశాల ప్రాంగణంలోని చెట్టు చుట్టూ రాతి తిన్నె కట్టవచ్చు. కాని మాను లావెక్కడానికీ, వేరుకు నీరు అందడానికీ తగిన ఖాళీ విడవాలి. లేకుంటే పెరిగే చెట్టు తిన్నెను పగలగొడుతుంది, లేదా తిన్నె చెట్టును చంపుతుంది. తోటమాలి, కాపలా ఉన్న ఉద్యానవనంలో చేవగల కలప బెంచీ వేయవచ్చు.

ఆసుపత్రి వసారాకు వీపు ఆనుకొనే దన్ను, చేతులు ఆనించి లేవడానికి కమ్మీ ఉన్న ఇనుప బెంచీ అవసరం. మన్నికైన రాతి పలక వేశామనే తృప్తితో వీపుకు దన్ను లేకుండా వదిలివేస్తే, గంటల తరబడి వేచి ఉండే రోగికి అది శిక్ష అవుతుంది. కూర్చునే ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు ఉంటే పెద్దలకు లేవడం సులభం. శతాబ్దం నిలిచే బెంచీ అయినా కూర్చోవడానికి వీలుగా లేకపోతే దాని మన్నిక వల్ల ప్రయోజనం లేదు.

బెంచీని వేసినవారి బాధ్యత వేసిన రోజుతో ముగియదు. ఏటా తొలకరికి ముందు ఒక్కరోజు కేటాయించి కదిలే మరలను బిగించి, లేచిన రంగును గీకి పూసి, నీరు నిలిచే గుంటను పూడ్చితే చాలు. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. పట్టించుకొనే మనసు కావాలి. ఈ పనిని కళాశాల విద్యార్థులే తమ ఊరి బెంచీలకు చేయగలరు. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. తగిన పదార్థాన్ని ఎన్నుకొని, తగిన చోట నిలిపి, తగిన కాలంలో సేవ చేసిన బెంచీ మీద, దాన్ని వేయించినవారి మనుమలు కూడా కూర్చొని బస్సు కోసం ఎదురుచూడగలరు.

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆరుబయటి బెంచీలకు రాయి, కలప, ఇనుము ఏ విధంగా ఉపయోగపడతాయో, వాటి లోపాలేవో వివరించండి.
2. ‘ఏ పదార్థం మంచిదని అడిగే ముందు, ఏ చోటికి అని అడగాలి’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. రాతి పలకకు ఆధారాలను లోపలికి జరిపి కట్టడం వల్ల కలిగే లాభమేమిటి?
2. సముద్రతీరంలో పలుచని కాంక్రీటు పలక ఎందుకు తగదు?
3. ధరకూ ఖర్చుకూ గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘చేవ’ అంటే ఏమిటి?
2. గేజి సంఖ్య పెరిగితే రేకు మందం ఏమవుతుంది?
3. జింకును ‘త్యాగ లోహం’ అని ఎందుకు అంటారు?

IV. మీ ఊరిలోని ఒక బెంచీని పరిశీలించి, అది ఏ పదార్థంతో చేసినదో, నీరు ఎక్కడ నిలుస్తున్నదో, దానికి ఏ మరమ్మతు అవసరమో పది వాక్యాలలో రాయండి.